కనబడటం ఎవరి చేతిలో వుంది?
పాలమూరు దళిత కార్యకర్తలు - సోషల్ మీడియా అల్గారిథం

"ధర్నా ఫోటో పెడితే ఇరవై మంది చూస్తరు. అదే పెండ్లిల డ్యాన్సు చేసింది పెడితే ఇరవై వేల మంది చూస్తరు. మనోళ్ళకే మన మీద పట్టింపు లేదన్నా." గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో సంఘాల్లో తిరిగేవాళ్ళ నోట ఇలాంటి మాట తరచుగా వినబడుతోంది. ఇందులో సగం నిజం, సగం పొరపాటు. చూడలేదన్నది నిజం. పట్టింపు లేక చూడలేదన్నది పొరపాటు. వాళ్ళకసలు చూపించలేదు. అలాగని ఎవరో ఒక అగ్రకుల అధికారి ఎక్కడో కూర్చుని "ఈ మాదిగ పిల్లవాడి పోస్టు ఆపండి" అని చెప్పిందీ లేదు. మరి ఏం జరిగింది? ఇది అర్థం చేసుకోకపోతే మన కార్యకర్తలు తమ జనాన్నే అనుమానిస్తారు, లేదా ఆ ఇరవై వేల కోసం తమను తామే మార్చుకుంటూ పోతారు. రెండూ జరుగుతున్నాయి. రెండోది ఎక్కువగా జరుగుతోంది.

ముందు యంత్రం సంగతి చెప్పుకుందాం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాం, యూట్యూబ్‌లలో ఏది తెరిచినా మనకు చూపించడానికి వేల కొద్దీ పోస్టులు సిద్ధంగా వుంటాయి. అందులోంచి ఏరి, వరుస పెట్టి ముందుకు తోసే లెక్కల పద్ధతినే అల్గారిథం అంటున్నారు. మీరు దేని దగ్గర ఎంతసేపు ఆగారు, దేన్ని రెండోసారి చూశారు, దేనికి కామెంటు రాశారు, ఎవరికి పంపారు - ఇవన్నీ అది గుర్తుపెట్టుకుంటుంది. కొత్త వీడియో వస్తే మొదట కొద్దిమందికి చూపించి చూస్తుంది. వాళ్ళు ఆగితే ఇంకొందరికి, వాళ్ళూ ఆగితే మరికొందరికి. ఆగకపోతే అక్కడితో సరి. పోస్టు తీసెయ్యరు, అది అక్కడే వుంటుంది, కాకపోతే ఎవరి కంటా పడదు. ఎందుకిట్లా? మనిషి ఎంతసేపు ఫోన్ చూస్తే అన్ని ప్రకటనలు అమ్మవచ్చు కనక. యూట్యూబ్ 2012లో ఎందరు చూశారన్న లెక్కను వెనక్కి నెట్టి, ఎంతసేపు చూశారన్న లెక్కను ముందుకు తెచ్చింది. జనం యూట్యూబ్ చూసే సమయంలో 70 శాతం తాము సిఫార్సు చేసిన వీడియోల మీదే గడుస్తోందని ఆ కంపెనీ పెద్దలే 2018లో చెప్పారు. అంటే వెతుక్కుని చూసేది తక్కువ, వడ్డిస్తే చూసేది ఎక్కువ.

ఫేస్‌బుక్ 2017లో ఇంకో పని చేసింది. ఒక లైకుకు ఒక మార్కు అనుకుంటే, కోపం మొహం గుర్తుతో సహా మిగతా గుర్తులకు ఐదు మార్కులు వేసింది. కోపం తెప్పించే పోస్టు నింపాదిగా వివరించే పోస్టు కంటే దూరం పోయింది. ఆ సంస్థలో పనిచేసి బయటికొచ్చిన ఫ్రాన్సెస్ హాగెన్ 2021లో బయటపెట్టిన కాగితాల వల్ల ఈ సంగతి లోకానికి తెలిసింది. కోపం గుర్తుకున్న విలువను 2020లోనే సున్నా చేశారట. ఈ మూడేళ్ళలో ఎవరి కోపం ఎవరి మీదికి మళ్ళిందో ఎవరు లెక్క తేల్చాలి?

పాలమూరు వాళ్ళకు దీన్ని అర్థం చేయించడం కష్టం కాదు. గుంపుమేస్త్రీని ఎరగని పల్లె ఇక్కడ లేదు. వానాకాలం పోగానే ఊరూరా తిరిగి అడ్వాన్సులిచ్చి, ఏ జంటను బొంబాయికి పంపాలి, ఏ జంటను పూణేకు పంపాలి, ఎవర్ని ఊళ్ళోనే వదిలెయ్యాలి అన్నది ఆయనే తేలుస్తాడు. ఆయన లెక్క ఏమిటో కూలికి తెలవదు. చెయ్యి గట్టిగా వున్నవాణ్ణి తీసుకుంటాడు, మాట ఎదురు చెప్పేవాణ్ణి పక్కన పెడతాడు. మేస్త్రీకి మాదిగైనా బోయైనా ఒకటే అని కొందరు అంటారు. నిజమే, కాంట్రాక్టరు దగ్గర మిగలాల్సిన పైకమే ఆయనకు ముఖ్యం. కానీ ఆ పైకం మిగలాలంటే భూమి లేని వాడే కావాలి. భూమి లేని వాడెవడో మనకు తెలుసు. అల్గారిథానికీ కులం తెలవదు. కులం వున్న సమాజం దేని దగ్గర ఆగుతుందో మాత్రం దానికి బాగా తెలుసు.

ఇక్కడో జాగ్రత్త చెప్పుకోవాలి. అల్గారిథం రాకముందు మనకు దారి తెరిచే వుండేదని ఎవరైనా అంటే నమ్మాల్సిన పని లేదు. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు డబ్బు ఇస్తామన్నా 'కేసరి' ఆ ప్రకటన వెయ్యలేదు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టుకోవాల్సి వచ్చింది కూడా ఇంకెవరి పత్రికలోనూ మనకు చోటు లేకనే. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీలో దళిత జర్నలిస్టు ఒక్కరైనా వున్నారా అని వెతికి, దొరకలేదని రాశాడు. ఇరవై మూడేళ్ళ తర్వాత, 2019లో ఆక్స్‌ఫాం ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి పత్రికలు, చానెళ్ళు, వెబ్‌సైట్లలో 121 నాయకత్వ స్థానాలు చూస్తే 106 అగ్రకులాల చేతిలో వున్నాయి. ఎస్సీలు, ఎస్టీలు ఒక్కరూ లేరు.

తెలుగులో సంగతి ఇంకొంచెం వేరు. ఈనాడు 1989లో జిల్లా టాబ్లాయిడ్లు తెచ్చాక, పల్లె వార్త పత్రికలోకి వచ్చింది. మంచిదే. కానీ జిల్లా పేజీలో పడిన వార్త జిల్లా దాటి పోలేదు. ఆలంపూర్‌లో ఒక మాదిగను కొట్టి చంపితే మహబూబ్‌నగర్ టాబ్లాయిడ్‌లో చదువుతారు, హైదరాబాద్‌లో సచివాలయం ముందున్నవాడికి ఆ పేజీ రాదు. మన వార్త అచ్చయింది అన్న తృప్తి మనకు, తెలవలేదు అనే వీలు ప్రభుత్వానికి. ఈ రోజు ఫీడులో జరిగేదీ దాదాపు ఇదే. మన పోస్టు మనలాంటి వాళ్ళకే తిరిగి తిరిగి చూపిస్తుంది. అందరూ జైభీమ్ అంటారు, లోకమంతా మన వెనకాలే వుందనిపిస్తుంది. పక్క వీధిలోని రెడ్డి, వెలమ పిల్లల ఫోన్లో మనం లేము. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్‌ను విడగొట్టి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు చేశాక టాబ్లాయిడ్ పేజీ మరీ చిన్నదయింది. జనం ఫోన్ వైపు మళ్ళడంలో ఆశ్చర్యమేముంది?

అందుకే ఫోన్ మనకు ఊపిరాడినట్టనిపించింది. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయిన రాత్రి ఆయన ఉత్తరం ఏ సంపాదకుడి అనుమతీ అడగకుండా దేశమంతా చేరింది. ఇది కాదనలేని సంగతి. ఆ దారి తెరిచినవాడే దానికి గేటు పెట్టుకున్నాడన్నదే మన బాధ.

పాత రోజుల్లో మనకు ఇంకో దారి వుండేది, పాట. నాగర్‌కర్నూలు జిల్లా తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పాట సినిమాకు ఎక్కకముందే మీటింగుల్లో, టేపురికార్డర్లలో ఊళ్ళు తిరిగింది. పాటగాడికి ఎదురుగా జనం కనబడతారు. ఏ చరణం దగ్గర ముసలమ్మ కొంగు కళ్ళకు అద్దుకుందో, ఎక్కడ పిల్లలు గోల మొదలుపెట్టారో ఆయన కళ్ళతో చూస్తాడు. పాట మార్చుకుంటే ఆ మనుషుల్ని చూసి మార్చుకుంటాడు. ఈ రోజు రీల్ చేసేవాడికి కనబడేది అంకె. ఆ అంకెను చూసే పాట, మాట, ముఖం, చివరికి పేరు మార్చుకుంటున్నాడు.

పేరు దగ్గరికి వచ్చాం కనక కర్నె శిరీష సంగతి మాట్లాడాలి. నాగర్‌కర్నూలు జిల్లా పెద్దకొత్తపల్లి మండలం మరికల్ గ్రామానికి చెందిన దళిత యువతి. డిగ్రీ చదివింది. ఎంత చదివినా నోటిఫికేషన్లు రావడం లేదు, అందుకే బర్రెలు కొనుక్కుని కాస్తున్నానని ఒక చిన్న వీడియో చేసింది. రెండు తెలుగు రాష్ట్రాలూ చూశాయి. పోలీసులు కేసు పెట్టారు. 'బర్రెలక్క' అయ్యింది. 2023 నవంబరు శాసనసభ ఎన్నికల్లో కొల్లాపూర్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా, ఈల గుర్తు మీద నిలబడింది. గమనించండి, కొల్లాపూర్ రిజర్వుడు స్థానం కాదు. ఈ చుట్టుపక్కల ఎస్సీలకు కేటాయించిన శాసనసభ స్థానాలు అచ్చంపేట, ఆలంపూర్. ఒకప్పుడు సంస్థానం రాజ్యం చేసిన కొల్లాపూర్ జనరల్ సీటులో, పార్టీ లేకుండా, డబ్బు లేకుండా ఒక దళిత ఆడపిల్ల నామినేషన్ వెయ్యడం చిన్న విషయం కాదు. ప్రచారంలో ఆమె తమ్ముడి మీద దాడి జరిగింది. ఆమెకు భద్రత కల్పించమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. సీబీఐ మాజీ అధికారి వి.వి. లక్ష్మీనారాయణ వచ్చి ప్రచారం చేశారు. యానాం మాజీ ఎమ్మెల్యే మల్లాడి కృష్ణారావు లక్ష రూపాయలు సాయం చేశారు. ఫలితం: 5,754 ఓట్లు, నాలుగో స్థానం. కాంగ్రెస్ అభ్యర్థి జూపల్లి కృష్ణారావు గెలిచారు. శిరీషకు డిపాజిట్ దక్కలేదు.

దీని మీద రెండు రకాల మాటలు నడిచాయి. లైకులు ఓట్లు కావని ఎగతాళి చేసినవాళ్ళు కొందరు, ఓడినా గెలిచిందని పొగిడినవాళ్ళు కొందరు. రెండూ అసలు విషయాన్ని దాటేశాయి. ఆమె వీడియో చూసినవాళ్ళు విజయవాడలో వున్నారు, దుబాయిలో వున్నారు, అమెరికాలో వున్నారు. ఓటు వెయ్యాల్సినవాళ్ళు మాత్రం కొల్లాపూర్, పెంట్లవెల్లి, కోడేరు, పానగల్ లాంటి కొద్ది మండలాల్లోనే వున్నారు. ఆగినవాడు ఏ ఊరివాడన్నది యంత్రానికి ముఖ్యం కాదు, ఓటుకు అదే ముఖ్యం. లక్షల మంది చూస్తుండగా బూత్ దగ్గర కూర్చోవడానికి ఏజెంటు లేకపోవడం ఈ కాలపు కొత్త రకం ఒంటరితనం. ఆ 5,754 ఓట్లను నేను తక్కువ చెయ్యను. దొరలకూ రెడ్లకూ అలవాటైన గడ్డ మీద, ఏ నాయకుడూ చెప్పకుండా, పైసా తీసుకోకుండా పడిన ఓట్లవి. అయితే అవి ఫీడు ఇచ్చినవా, మరికల్ చుట్టూ ఆమెను మనిషిగా ఎరిగినవాళ్ళు ఇచ్చినవా అన్నది ఊరూరూ తిరిగి అడిగితే తప్ప తేలదు. మన పరిశోధక విద్యార్థులు ఎవరైనా బూత్ వారీ లెక్కలు ముందేసుకుని ఆ పని చేస్తే బాగుంటుంది.

పేరు సంగతి ఇంకా లోతైనది. ఆమె లేవనెత్తింది ఉద్యోగాల ప్రశ్న. ఆ ప్రశ్న ఎంత నిజమో తర్వాత జరిగినవే చెప్పాయి. తెలంగాణ వచ్చిన ఎనిమిదేళ్ళకు, 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ పెట్టారు, పేపర్ లీకై 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ పెట్టారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. అశోక్‌నగర్ గదుల్లో పాలమూరు పిల్లలు ఎన్నేళ్ళు అద్దెలు కట్టారో వాళ్ళ తల్లిదండ్రులకు తెలుసు. ఫీడు దీన్నంతా పక్కనపెట్టి ఒక్క బర్రెను పట్టుకుంది. బర్రె దగ్గర కన్ను ఆగుతుంది, గ్రూప్-1 దగ్గర ఆగదు. కర్నె శిరీష పోయి బర్రెలక్క మిగిలింది. ఆమెను పట్టుకుని నడిచిన మాటల్లో దళిత అన్న మాట ఎంత తక్కువగా వినబడిందో గుర్తు చేసుకోండి. నిరుద్యోగిగా, అక్కగా, పల్లెటూరి పిల్లగా ఆమె అందరికీ నచ్చింది. దళితగా మాట్లాడి వుంటే అంతమంది ఆగేవారా? ఈ ప్రశ్నను ఆమెను అడగకూడదు, ఆమె మీద భారం మోపకూడదు. చూసినవాళ్ళను అడగాలి. మనల్ని చూడటానికి ఈ సమాజం పెట్టే షరతు ఎప్పుడూ ఒకటే: కులం ఇంట్లో పెట్టి రా. యంత్రం ఆ షరతును కొత్తగా పెట్టలేదు, అంకెగా మార్చింది, అంతే.

దీనికి తలకిందులైనది ఇంకొకటి వుంది. ఆలంపూర్‌లో పుట్టిన ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ గురుకులాల కార్యదర్శిగా వున్నప్పుడు, 2021 మార్చిలో పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో స్వేరోస్ భీమ్‌దీక్ష కార్యక్రమం జరిగింది. అక్కడ అంబేద్కర్ 1956 అక్టోబరులో నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లోవి చదివించారు. రాముణ్ణి, కృష్ణుణ్ణి కొలవనన్న ముక్క ఉన్న వీడియో ఫోన్ ఫోన్‌కూ పాకింది. చర్య తీసుకోవాలని హిందుత్వ సంస్థలు గోల చేశాయి. ఆ ప్రతిజ్ఞతో తనకు సంబంధం లేదని ఆయన వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. వివరణ ఎప్పుడూ ముక్కంత దూరం పోదు. వేల మంది పేదపిల్లలకు చదువు చెప్పించిన సంస్థ పని ఏళ్ళ తరబడి ఫోన్లో కనబడలేదు, కొన్ని సెకన్ల ముక్క కనబడింది. ఆయన ఆ ఏడాది జులైలో ఉద్యోగం వదిలి, ఆగస్టులో బీఎస్పీలో చేరి, 2024 మార్చిలో బీఆర్ఎస్‌లోకి వెళ్ళి, నాగర్‌కర్నూలు లోక్‌సభకు పోటీ చేసి మూడో స్థానంలో నిలిచారు. మల్లు రవి గెలిచారు. ఆ రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకుంటుంది. ఇక్కడ మన విషయం ముక్కకూ మొత్తానికీ వున్న తేడా. శిరీష దగ్గర కులం తీసేస్తే వైరల్ అయ్యింది. ఇక్కడ అంబేద్కర్ మాట ఒక్కటే తుంచి, మిగతాది తీసేస్తే వైరల్ అయ్యింది. రెండు చోట్లా మనం ఎవరమన్నది మన చేతిలో లేదు.

మనలో మనకు నడిచే గొడవకు ఇది ఇంకా బాగా పనికొస్తుంది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా, ముప్పై ఏళ్ళ తర్వాత 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పుతో ఒక కొలిక్కి వచ్చింది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి వర్గీకరణ చట్టం అమలులోకి వచ్చింది: మూడు గ్రూపులు, 1, 9, 5 శాతాలు. ఈ అంకెల మీద మాట్లాడాల్సింది చాలా వుంది. మొదటి గ్రూపులోని 15 కులాలకు ఆ ఒక్క శాతం ఎట్లా అందుతుంది, వనపర్తి జిల్లాలో వాళ్ళెందరు, చదువుకున్నవాళ్ళెందరు. ఇట్లాంటి మాట పెడితే ఎవరూ ఆగరు. మాలను మాదిగ, మాదిగను మాల తిట్టింది పెడితే రెండు వాడలూ ఆగుతాయి, రెండూ కామెంట్లు రాస్తాయి, రెంటి కామెంట్లకూ మార్కులు పడతాయి. మార్కులు చూసి మర్నాడు ఇంకాస్త గట్టిగా తిడతాడు. ఆ కార్యకర్త మొదట్లో అంత కోపిష్టి కాడు. ఏడాదిలో అయ్యాడు. పొద్దున వాడలో ఎదురుపడితే పలకరించుకునే మనుషులే ఫోన్లో శత్రువులయ్యారు.

ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు ఆడవాళ్ళలో 26.5 శాతం, మగవాళ్ళలో 57.4 శాతం. తర్వాత ఫోన్లు పెరిగాయి, కానీ ఇంట్లో ఒక్క ఫోనే వుంటే అది ఎవరి జేబులో వుంటుందో చెప్పనక్కర్లేదు. మన సంఘాల్లో జెండా మోసే ఆడవాళ్ళు పేజీలో కనబడకపోవడానికి యంత్రం ఒక్కటే కారణం కాదు, ఫోటో పెట్టే చెయ్యి మగవాడిది.

మేస్త్రీ మాట మార్చే తీరు కూడా చూడండి. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించింది, అందులో టిక్‌టాక్ ఒకటి. పల్లెల్లో ఏ చదువూ, ఏ పరిచయాలూ లేనివాళ్ళు సంపాదించుకున్న చూపరులు రాత్రికి రాత్రే పోయారు. కొన్ని వారాల్లో ఇన్‌స్టాగ్రాం రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి, మళ్ళీ మొదటి నుంచి మొదలు. 2024 ఫిబ్రవరిలో మెటా కంపెనీ, ఫాలో కానివాళ్ళకు రాజకీయ విషయాలు తామై చూపించబోమని ఇన్‌స్టాగ్రాంలో నిబంధన పెట్టింది. లోక్‌సభ ఎన్నికలకు అప్పటికి మూడు నెలలు లేదు. డబ్బున్న పార్టీ ప్రకటన కొనుక్కుంటుంది, డబ్బులేని సంఘం ఏం కొంటుంది? 2025 జనవరిలో ఆ నిబంధన తీసేశారు. పెట్టినప్పుడు అడగలేదు, తీసినప్పుడూ అడగలేదు. 2019 నవంబరులో దిలీప్ మండల్ ట్విట్టర్ ఖాతా ఆపినప్పుడు బహుజనులు ఆ కంపెనీ ముంబై ఆఫీసు ముందు నిలబడి అడిగారు. వేల గొంతులు ఒకే మాట అన్నాయి కాబట్టి అది వార్త అయ్యింది. ఇటిక్యాలలోనో వీపనగండ్లలోనో ఒక కుర్రాడి పేజీ మూకుమ్మడి రిపోర్టులతో మూతపడితే ఏ ఆఫీసు ముందు నిలబడాలి?

తిట్ల విషయంలో భాష కూడా అడ్డమే. హిందీ, బెంగాలీలలో ద్వేషపు మాటలను పట్టే యంత్రాలే సరిగా లేవని హాగెన్ కాగితాల్లో వుంది. ఆ రెండూ కోట్ల మంది భాషలు. పాలమూరు మాండలికంలో, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన కులం తిట్టు వాటికి ఏం తెలుస్తుంది? ఒక్కోసారి తిట్టినవాడిది వుంటుంది, "నన్నిట్లా తిట్టాడు" అని ఆ మాటనే రాసి పెట్టినవాడిది పోతుంది.

కాబట్టి తిట్టు కనబడగానే షేర్ చేసి కోపం తీర్చుకోవడం కంటే ముందు చెయ్యాల్సిన పని వుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో, పదిమందికి కనబడే చోట కులం పేరుతో అవమానించడం నేరం. ఎదుటి మనిషి అక్కడ లేడు కదా అని ఫోన్లో తిట్టినవాళ్ళు తప్పించుకోజూస్తారు. కేరళ హైకోర్టు 2022 జులైలో ఒక యూట్యూబర్ ముందస్తు బెయిల్ కేసులో ఈ వాదన ఒప్పుకోలేదు. ఇంటర్నెట్‌లో పెట్టిన దాన్ని ఎవరు తెరిచినా బాధితులు అక్కడ వున్నట్టే లెక్క అంది. అది మన హైకోర్టు తీర్పు కాదు, కానీ ఇక్కడి కోర్టులో చూపించి వాదించవచ్చు. స్క్రీన్‌షాట్ ఒక్కటీ తీసి వూరుకోవద్దు. పోస్టు లింకు, తేదీ, సమయం, పెట్టినవాడి ఖాతా చిరునామా రాసిపెట్టుకోవాలి, వీడియో అయితే దించి దాచుకోవాలి, దించిన ఫోన్‌ను అమ్మెయ్యకూడదు, మార్చెయ్యకూడదు. 2024 జులై 1 నుంచి అమలులో వున్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చెయ్యాలి. అందులో మొదటి భాగం ఇచ్చేవాడు నింపాలి, రెండో భాగం నిపుణుడు నింపాలి. స్టేషన్లో ఫిర్యాదు తీసుకునేవాడు ఇది అడగకపోవచ్చు, తర్వాత కోర్టులో ఎదుటి వకీలు తప్పకుండా అడుగుతాడు. ప్రతి సంఘం తన సభ్యుల ఫోన్ నంబర్లు, ఊరు, వాడ పేర్లు ఒక నోటుపుస్తకంలో చేత్తో రాసిపెట్టుకుంటే, పేజీ మూతపడిన రోజు మీటింగుకు ఎవర్ని పిలవాలో ఆ పుస్తకంలో వుంటుంది.